ఒకే బాంబు, మూడు దీర్ఘ వ్యాసాలు: ముందు ఏది చదవాలి?

సాంకేతికత గురించి, సమాజం గురించి తీరిగ్గా కూర్చుని చదవదగిన పెద్ద వ్యాసం ఒకటి చెప్పమని అడిగేవారికి నేను కొన్నేళ్లుగా మూడు పేర్లు చెబుతున్నాను. 1945 జూలైలో ‘ది అట్లాంటిక్’ పత్రికలో వనీవర్ బుష్ రాసిన ‘యాజ్ వి మే థింక్’, 1946 ఆగస్టు 31న ‘ది న్యూయార్కర్’లో వచ్చిన జాన్ హెర్సీ ‘హిరోషిమా’, 2000 ఏప్రిల్‌లో ‘వైర్డ్’ ప్రచురించిన బిల్ జాయ్ ‘వై ద ఫ్యూచర్ డజంట్ నీడ్ అస్’. మూడూ ఇంగ్లీషువే, మూడూ అమెరికా పత్రికల్లో వచ్చినవే. అన్నిటికంటే ముఖ్యంగా, మూడింటి వెనకా ఉన్నది ఒకే బాంబు. బుష్ దాని తయారీని పైనుంచి నడిపించిన పెద్దల్లో ఒకరు. హెర్సీ అది పడిన ఊరికి వెళ్లి, బతికి బయటపడినవారితో మాట్లాడిన విలేకరి. అటువంటి పని మళ్లీ చేయబోతున్నామేమోనని అర్ధశతాబ్దం గడిచాక భయపడిన కంప్యూటర్ నిపుణుడు జాయ్. చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే వీటిలో ఏది చదవాలన్నది ప్రశ్న. హెర్సీనే చదవమంటాను. అయితే మిగతా రెండింటి బలమేమిటో ముందు చెప్పకపోతే ఆ మాటకు విలువ ఉండదు.

బుష్ ఇంజనీరు. ఎంఐటీలో పాఠాలు చెప్పి, లెక్కలు చేసే పెద్ద యంత్రాలు కట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వపు శాస్త్ర పరిశోధన కార్యాలయానికి అధిపతిగా ఉండి, సుమారు 6,000 మంది శాస్త్రజ్ఞుల శక్తిని యుద్ధావసరాలకు మళ్లించాడు. యుద్ధం ముగింపుకు వస్తుండగా ఆయన వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంటుంది: ఇక వీరందరూ దేనిమీద పనిచేయాలి? మనుషులు సంపాదించిన జ్ఞానం గుట్టలుగా పేరుకుపోతోందనీ, కావలసిన ముక్క కావలసిన వేళకు చేతికి అందడం లేదనీ, మెండెల్ కనిపెట్టిన వంశపారంపర్య సూత్రాలు ఒక తరం పాటు పట్టించుకునేవారి కంట పడకుండా మరుగున ఉండిపోవడం ఇందుకేననీ ఆయన అంటాడు. గ్రంథాలయంలో అక్షరక్రమంలో వెతకడం మనసు పనిచేసే తీరు కాదు. మనసు ఒక తలపు నుంచి దానితో ముడిపడిన మరో తలపుకు దూకుతుంది. యంత్రమూ అలాగే దూకాలి.

అందుకని ఆయన మెమెక్స్ అనే ఒక బల్లను ఊహించాడు. పైన ఏటవాలు తెరలు, పక్కన మీటలు, లోపల మైక్రోఫిల్మ్ మీద కుదించిన పుస్తకాలు. చిన్న తుర్కీ విల్లు ఇంగ్లీషువాళ్ల పొడవాటి విల్లు కంటే క్రూసేడు యుద్ధాల్లో ఎందుకు మెరుగ్గా పనిచేసిందో తెలుసుకోవాలనుకునే ఒక పాఠకుడిని ఆ బల్ల ముందు కూర్చోబెట్టి, అతను ఒక వ్యాసం నుంచి మరో వ్యాసానికి ముడి వేసుకుంటూ పోయి, ఆ బాటను కొన్నేళ్ల తర్వాత ఒక మిత్రుడికి చూపించి, దాని నకలు అతని చేతిలో పెట్టేదాకా వివరిస్తాడు. మనం ఈనాడు లింకు అని పిలుస్తున్నది ఇదే. ఆ బల్లను ఎవరూ తయారుచేయలేదు. కానీ నౌకాదళంలో రాడార్ పని చేస్తూ ఫిలిప్పీన్స్‌లో ఉన్న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే యువకుడు ఈ వ్యాసాన్ని చదివాడు. తర్వాతి కాలంలో కంప్యూటర్ మౌస్ తయారుచేసినవాడు, 1968లో దాన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో పదిమందికీ చూపినవాడు అతనే. ఒక వ్యాసానికి ఇంతకంటే ఫలితం ఏం కావాలి?

అయినా నేను దాన్ని ముందు చేతికి ఇవ్వను. ఆ వ్యాసం పాఠకుల చేతుల్లో ఉన్న నెలలోనే, జూలై 16న, న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుపరీక్ష జరిగింది. బుష్ అక్కడే ఉన్నాడు. రహస్యం కనుక ఆ సంగతి వ్యాసంలో ఉండే అవకాశం లేదు, ఆ విషయంలో ఆయనను తప్పుపట్టను. నాకు కలిగే ఇబ్బంది వేరు. బుష్ ప్రపంచంలో మనుషులు దాదాపు కనిపించరు. ఆలోచించే ఒక మనసు ఉంటుంది, దానికి సాయపడే యంత్రం ఉంటుంది, చెప్పింది యంత్రంలోకి ఎక్కించే పేరులేని ఆడపిల్లలు ఉంటారు. యంత్రం వచ్చాక ఆ ఆడపిల్లల సంగతేమిటన్న ఆలోచన ఆయనకు తట్టదు. కృత్రిమ మేధ గురించి నేడు వస్తున్న ఎన్నో వ్యాసాలకు ఈ లోపం వారసత్వంగా అందింది. దాన్ని పసిగట్టే కన్ను ముందుగా వేరేచోట తెచ్చుకుని బుష్ దగ్గరికి వెళ్లడం మంచిది.

జాయ్ వ్యాసానికి మనవాళ్లలో పాఠకులు సులభంగా దొరుకుతారు. సన్ మైక్రోసిస్టమ్స్ స్థాపకుల్లో ఒకడైన ఆయన, విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన వీఐ అనే ఎడిటర్‌ను, అంటే ప్రోగ్రాములు రాసుకునే పనిముట్టును, హైదరాబాదులోనూ అమెరికాలోని బే ఏరియాలోనూ యూనిక్స్, లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థల మీద పనిచేసే తెలుగువారు ఇప్పటికీ వాడుతున్నారు. తమ చేతిలోని పనిముట్టును చేసినవాడే ఆ దారి ప్రమాదమని చెబితే వినాలనిపిస్తుంది. యంత్రాలు మనిషి తెలివిని మించిపోతాయని చెప్పే ఆవిష్కర్త రే కర్జ్‌వైల్‌తో ఒక హోటల్ బార్‌లో జరిగిన సంభాషణతో ఆయనకు కలవరం మొదలవుతుంది. జన్యుశాస్త్రం, కంటికి కనిపించనంత చిన్న యంత్రాలు చేసే నానోటెక్నాలజీ, రోబోటిక్స్ మూడూ తమను తాము పెంచుకోగలవనీ, అణ్వాయుధానికి అరుదైన ముడిసరుకు, పెద్ద కర్మాగారాలు, ఒక ప్రభుత్వం అండ కావాలి కానీ వీటికి తెలివి ఒక్కటి చాలుననీ ఆయన వాదన. దాని తర్వాత అణుబాంబు తయారుచేసిన శాస్త్రజ్ఞుల నాయకుడు ఓపెన్‌హైమర్ కథ చెప్పి, కొన్ని రకాల పరిశోధనలను మనంతట మనమే వదులుకోవాలని అడుగుతాడు. చేస్తున్న వృత్తిలో శిఖరం మీద ఉన్న మనిషి ఆ మాట అనడానికి గుండె కావాలి. అణ్వాయుధానికీ వీటికీ ఆయన చూపిన ఆ తేడా నేటికీ చెక్కుచెదరలేదని నా అభిప్రాయం.

కానీ ఊహ మీద నిలబడిన వాదానికి కాలం పరీక్ష పెడుతుంది. 2000 నాటి వ్యక్తిగత కంప్యూటర్ల కంటే పది లక్షల రెట్లు శక్తిగల యంత్రాలు 2030కల్లా పెద్ద సంఖ్యలో రాగలవన్న అంచనా మీద ఆయన చాలా బరువు మోపాడు. నానోయంత్రాలు అదుపు తప్పి భూమిని కమ్మేస్తాయన్న భయానికి అప్పట్లో ఉన్నంత పట్టు ఇప్పుడు లేదు. సాంకేతికత ఒక్కటే పరుగెత్తదనీ, సమాజమూ దానితోపాటు మారుతూ దాన్ని మలుస్తుందనీ పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, పాల్ డుగిడ్ ఆ ఏడాదే ఇచ్చిన జవాబులో న్యాయముంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి ఈ వ్యాసాన్నే ముందుగా ఇచ్చి నేను పొరపాటు చేశాను. సగం చదివి పక్కన పెట్టేసింది. “అందరికీ ప్రమాదం అంటున్నాడు మామయ్యా, ఒక్కరికి ఏమవుతుందో చెప్పడం లేదు” అంది. ఆ మాట విన్నాకే నేను నా వరుసను మార్చుకున్నాను.

హెర్సీ వ్యాసంలో ఉన్నది ఆ ఒక్కరే, ఆరుసార్లు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు తగరం కర్మాగారంలో గుమస్తా తోషికో ససాకీ పక్క బల్ల దగ్గరి అమ్మాయితో మాట్లాడబోతూ తల తిప్పుతోంది. డాక్టర్ ఫుజీ తన ఆసుపత్రి వసారాలో పత్రిక తెరుస్తున్నాడు. మరో డాక్టర్, ఇంటిపేరు ససాకీయే, రెడ్‌క్రాస్ ఆసుపత్రి నడవలో నడుస్తున్నాడు. జర్మన్ ఫాదర్ క్లైన్‌సోర్గ మంచం మీద వాలి ఉన్నాడు, పాస్టర్ తనిమోతో సామాను దించబోతున్నాడు. దర్జీ భార్య, యుద్ధం మిగిల్చిన వితంతువు హత్సుయో నకమురా, విమానదాడుల మంటలు పాకకుండా దారి వదలడానికి పక్కింటాయన తన ఇంటిని తానే కూల్చుకుంటుంటే వంటింటి కిటికీలోంచి చూస్తోంది. ఆ తర్వాత వెలుగు. హెర్సీ ఒక్క చోటా గొంతు పెంచడు, పాఠకుడికి ఏం అనిపించాలో చెప్పడు. రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో దెబ్బ తగలకుండా మిగిలిన ఏకైక వైద్యుడు, తన కళ్లజోడు పోతే గాయపడిన నర్సు కళ్లజోడు పెట్టుకుని కట్లు కట్టాడని చెబుతాడు. 600 పడకల ఆ ఆసుపత్రికి కనీసం పదివేల మంది నడిచొచ్చారని చెబుతాడు. అక్కడితో ఆగుతాడు.

నన్ను ఎన్నిసార్లు చదివినా నిలబెట్టేసే చోటు ఇంకొకటి ఉంది. శిథిలాల కింద నుంచి ముగ్గురు పిల్లలనూ బయటికి లాగిన నకమురా, నిప్పు దగ్గరపడుతుండగా ఇల్లు విడిచి వెళ్లేముందు, భర్త పోయాక తనకు కూడు పెడుతున్న కుట్టుమిషనును ఇంటిముందు సిమెంటు తొట్టిలోని నీళ్లలో ముంచి దాచింది. అగ్నిప్రమాదాల కోసం ప్రతి ఇంటా ఉంచుకోమని ప్రభుత్వం ఆదేశించిన తొట్టి అది. తర్వాత చూస్తే మిషను తుప్పుపట్టి ఉంది. మా ఇంట్లో అమ్మ మిషను మూత మీద వారానికోసారి నూనె గుడ్డతో తుడవడం చూస్తూ పెరిగినవాణ్ణి. మన ఊళ్లలో భర్త పోయిన ఆడమనిషి ఇంట్లో ఆ వస్తువుకున్న విలువ తెలిసినవారికి అణుబాంబు అంటే ఏమిటో ఆ నీళ్ల తొట్టి చెప్పినంతగా ఏ లెక్కా చెప్పలేదు.

దీన్ని ప్రచురించిన తీరు కూడా గుర్తుంచుకోదగ్గది. నాలుగు భాగాలుగా వేద్దామనుకున్న ఈ సుమారు 31,000 పదాల రచనకు సంపాదకులు హెరాల్డ్ రాస్, విలియం షాన్ సంచిక మొత్తాన్ని ఇచ్చేశారు. ముఖచిత్రం మీద మాత్రం వేసవి ఉద్యానవనంలో ఆడుకుంటున్న జనం ఉన్నారు, ముందే తయారైన బొమ్మ. ప్రతులు అమ్ముడైపోయాయి, రేడియోలో నాలుగు సాయంత్రాలు మొత్తం చదివి వినిపించారు. జపాన్‌లో అమెరికా ఆక్రమణ సెన్సారు కాలం కనుక జపనీస్ అనువాదం 1949లో గానీ రాలేదు.

హెర్సీలో లోపాలు లేవనడం సరికాదు. ఆరుగురిలో ఇద్దరు వైద్యులు, ఇద్దరు క్రైస్తవ మతబోధకులు. అది హిరోషిమా జనాభాకు అద్దం కాదు, కూలీలు, సైనికులు ఆ ఆరుగురిలో లేరు. బాంబు వేయాలని ఎవరు, ఏ గదిలో, ఏ లెక్కతో నిర్ణయించారో వ్యాసంలో లేదు. అందువల్ల బాంబు భూకంపంలా, అగ్నిప్రమాదంలా ఒక ప్రకృతి వైపరీత్యంగా కనిపిస్తోందని అమెరికా రచయిత్రి మేరీ మెకార్తీ ఆనాడే విమర్శించింది. ఆ విమర్శను నేను కాదనను. నిర్ణయం తీసుకున్న గదిలోని గాలి ఎలాంటిదో తెలియాలంటే బుష్‌నే చదవాలి, ఆ గదిలో మళ్లీ కూర్చున్నవాడి గుండెదడ వినాలంటే జాయ్‌ను చదవాలి. మూడూ ఒకదానికొకటి కావలసినవే. కానీ నకమురాను చూసి వచ్చినవారు బుష్ బల్ల ముందు నిలబడితే, టైపు కొట్టే ఆ ఆడపిల్ల ఎవరు, ఆమె ఇంట్లో ఎవరున్నారు అని అడుగుతారు. బుష్ దగ్గర నుంచి నకమురా దగ్గరికి వచ్చినవారు లింకుల ఆలోచనకు ఇంకా మురిసిపోతూనే ఉంటారు. వరుస వల్ల వచ్చే తేడా ఇదే.

చదివే శ్రమ విషయానికొస్తే, పొడవు చూసి హెర్సీని వాయిదా వేయనక్కర్లేదు. వాక్యాలు చిన్నవి, మాటలు వాడుకవి, పదో తరగతి ఇంగ్లీషు గట్టిగా వచ్చినవారు నిఘంటువు లేకుండా మూడు గంటల్లో పూర్తిచేయగలరు. బుష్ వ్యాసం గంటలోపే అయిపోతుంది కానీ వాక్యూమ్ ట్యూబులు, ఫొటోగ్రఫీ రసాయనాలు ఉన్న మధ్య భాగాలు బరువు. ఆ భాగాలను వేగంగా దాటి, మెమెక్స్ వచ్చే చివరి భాగాల్లో నెమ్మదించవచ్చు. జాయ్‌లో మాత్రం పేర్ల రద్దీ ఎక్కువ, ఓపిక కావాలి.

నలభై ఏళ్ల తర్వాత, 1985లో, హెర్సీ ఆ ఆరుగురి జీవితాలను వెతుక్కుంటూ వెళ్లి అయిదో అధ్యాయం చేర్చాడు. నేటి పుస్తక ప్రతుల్లో అది మొదటి నాలుగింటి వెంటనే ఉంటుంది. దాన్ని అప్పుడే చదవవద్దని నా మనవి. నాలుగు అధ్యాయాలయ్యాక పుస్తకం మూసి, బుష్‌ను, జాయ్‌ను ముగించి, అప్పుడు దాన్ని తెరవండి. పాస్టర్ తనిమోతోను 1955లో అమెరికా టెలివిజన్ కార్యక్రమానికి పిలిచి, ముందుగా చెప్పకుండా, బాంబు వేసిన విమానపు సహ పైలట్‌ను ఎదురుగా నిలబెట్టిన రోజు అందులో ఉంది. జపాన్ పౌరుడై, జపనీస్ పేరు పెట్టుకుని అక్కడే కన్నుమూసిన ఫాదర్ క్లైన్‌సోర్గ ఉన్నాడు. నకమురా ఆ తుప్పుపట్టిన మిషనును బాగుచేయించుకుని మళ్లీ కుట్టుపని పెట్టుకుంది. కొంతకాలానికి జబ్బుపడి, డాక్టరు ఫీజు కట్టడానికి దాన్ని అమ్మేసింది.