మియూ మినీ ప్లస్, ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ ఎస్‌పీ: జేబులోకి ఏది మేలు?

పాత వీడియో గేముల కోసం జేబు సైజు కన్సోల్ కొనాలనుకునేవాళ్లు ముందుగా ప్రాసెసర్ సంగతి అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది స్క్రీన్ ఆకారం. ఆ తర్వాత, రోజూ జేబులో వేసుకుని తిరగడానికి పనికొస్తుందా లేదా అన్నది.

అలాంటి కన్సోళ్లే అయిన మియూ మినీ ప్లస్, ఆన్‌బర్నిక్ కంపెనీ వాళ్ల ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ ఎస్‌పీ రెండింటికీ 3.5 అంగుళాల స్క్రీనే, 640×480 పిక్సెళ్లే. నింటెండో వాళ్ల 1989 నాటి చేతి కన్సోల్ గేమ్ బాయ్ తెర మీది బొమ్మ 160×144 పిక్సెళ్లు. దాన్ని మూడింతలు చేస్తే 480×432 అవుతుంది, ఇందులో చక్కగా ఇమిడిపోతుంది. ప్లేస్టేషన్ 1 గేములు ఇదే 4:3 ఆకారంలో ఉండే పాతకాలపు టీవీల కోసం చేసినవి కాబట్టి అవీ నిండుగా కనిపిస్తాయి. చిక్కల్లా గేమ్ బాయ్ తర్వాత వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌తోనే. దాని బొమ్మ 240×160. రెండింతలు చేస్తే చుట్టూ నల్లగా ఖాళీ మిగిలిపోతుంది. వెడల్పంతా నింపాలంటే సుమారు 2.67 రెట్లు సాగదీయాలి. అప్పుడు ఒక చుక్క రెండు పిక్సెళ్లు, పక్క చుక్క మూడు పిక్సెళ్లు తీసుకుంటుంది. డైలాగ్ పెట్టెలోని అక్షరాలను దగ్గరగా చూడండి, ఒక నిలువు గీత సన్నగా, ఇంకోటి లావుగా ఉంటుంది. బొమ్మ పక్కకు జరిగేటప్పుడు అంచులు వణుకుతున్నట్టుంటాయి. ఒక్కసారి కంటపడిందా, ఇక చూపు అక్కడికే పోతుంది. ఫిల్టర్ వేస్తే వణుకు తగ్గుతుంది గానీ బొమ్మ కాస్త మసకబారుతుంది. మీరు ఆడేవి ఎక్కువగా అడ్వాన్స్ గేములే అయితే ఈ రెండూ వదిలేసి ఆన్‌బర్నిక్ వాళ్లదే ఇంకో కన్సోల్, ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ తీసుకోండి. దాని స్క్రీన్ 720×480, అంటే సరిగ్గా మూడింతలు.

ఇక బలం విషయానికొస్తే ఎస్‌పీదే పైచేయి. దాంట్లో నాలుగు కోర్ల హెచ్700 చిప్ ఉంది, మియూలో రెండు కోర్లు, 128 ఎంబీ ర్యామ్ మాత్రమే. ప్లేస్టేషన్ 1 దాకా మియూ హాయిగా ఆడిస్తుంది, ఎస్‌పీ నింటెండో 64 గేములను కూడా చాలావరకు లాగుతుంది. కానీ రెండింటికీ అనలాగ్ స్టిక్ (బొటనవేలితో ఎటైనా తిప్పే చిన్న పుల్ల) లేదు. స్టిక్ కోసమే తయారైన గేమును డీ-ప్యాడ్‌తో, అంటే ప్లస్ గుర్తు ఆకారంలోని నాలుగు దిక్కుల బటన్‌తో ఆడుతుంటే మలుపు మలుపుకీ చిరాకే. అందుకే ఆ అదనపు బలం కోసం ఎస్‌పీ కొనమని చెప్పను.

ఎస్‌పీ కొనాల్సింది దాని మడతపెట్టే మూత కోసం. మూసి జేబులో పడేస్తే తాళాలు, చిల్లర స్క్రీన్‌ను గీరవు, బటన్లు వాటంతటవే నొక్కుకోవు. మూత వేయగానే నిద్రలోకి వెళ్తుంది, తీయగానే లేస్తుంది. మియూకి పౌచ్ తప్పనిసరి.

అయితే మియూకి ఆనియన్ ఓఎస్ అని అభిమానులు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఉంది, అదంటే నాకు ప్రాణం. పవర్ బటన్‌తో ఆపేస్తే ఆట తనంతట తానే సేవ్ అవుతుంది, మళ్లీ ఆన్ చేస్తే ఆపిన చోటనే తెరుచుకుంటుంది. పదేళ్ల పిల్లాడి చేతికిచ్చినా ఏమీ నేర్పక్కర్లేదు. ఇంట్లో ఆడుకోవడానికి, కానుకగా ఇవ్వడానికి మియూ. బస్సులో, క్యూలో, ప్రయాణాల్లో వెంట ఉండటానికి ఎస్‌పీ.

ఏది తీసుకున్నా మొదటి రోజే మంచి మెమరీ కార్డు వేయండి. నా మొదటి కన్సోల్ వేరే కంపెనీది. పెట్టెలో వచ్చిన కార్డు రెండు నెలలకే పోయింది, దాంతోపాటు ముప్పై గంటల ఆట కూడా. ఇప్పుడు ప్రతి ఆదివారం సేవ్ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటున్నాను.