సొంతంగా చేసుకున్న మూడు గిటారు పెడళ్లు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉండి, కాలితో తొక్కితే శబ్దం తీరు మార్చే డబ్బాను పెడల్ అంటారు. అలాంటివి మూడు చేసుకున్నాను. పోయిన వారం వాటిలో ఎర్రదానికి పాత స్విచ్చు తీసి నాలుగోది వేశాను. లోపలి బోర్డు మాత్రం ఎనిమిదేళ్ల కిందట టంకం వేసినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. సమీక్షను ఇక్కడితో ఆపేసినా పెద్ద నష్టం లేదు. అయినా సొంతంగా పెడల్ చేసుకుందామని చూసేవాళ్లకు పనికొస్తుందేమోనని మిగతాది రాస్తున్నాను.

మాది విజయనగరం. చవితి పందిళ్లలోనూ పెళ్లిళ్లలోనూ వాయించే ఒక చిన్న ఆర్కెస్ట్రాలో గిటారు నాది. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో ఉండి, శుభ్రంగా పలికే తీగను పనిగట్టుకుని బొంగురు చేసే డబ్బా ఎందుకో మా పెదనాన్న గారికి ఈనాటికీ అర్థం కాదు. "ఉన్న గొంతు పాడుచేయడానికి కూడా ఒక మిషనా నాయనా?" అంటారు. ఆయనకు సరైన జవాబు నా దగ్గర లేదు.

మొదట చేసింది ఫజ్, అంటే తీగ శబ్దాన్ని బాగా గరుకు చేసే పెడల్. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ అమ్మకానికి తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్ అది. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలి కింద ఉండే గుండ్రటి పళ్లెం లాంటి పెడల్ అదే. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు కంట్రోళ్లు. అంతా కలిపి అగ్గిపెట్టెలో పడుతుంది. పాతకాలపు పద్ధతిలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతోనే చేయాలని పట్టుబట్టి, మా వీధి చివర రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. పాత రేడియోల నుంచి విప్పిన ఏసీ128 రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. "వీటిని ఇప్పుడెవరు అడుగుతారు బాబూ, తీసుకెళ్లు" అని గుప్పెడు నా చేతిలో పోశారు. వాటిలో పనికొచ్చినవి మూడు.

చలికాలంలో దాని శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే. గిటారు మీది వాల్యూమ్ కాస్త తగ్గిస్తే గరుకంతా పోయి తీగ మెరుస్తుంది, పెంచితే ఉరుముతుంది. ఎండాకాలం వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. జెర్మేనియంలో వేడితోపాటు కరెంటు లీకు పెరుగుతుంది, దాంతో రెండో ట్రాన్సిస్టర్ దగ్గర వోల్టేజీ జరిగిపోతుంది. మే నెలలో ఒక పెళ్లి షామియానా కింద, సరిగ్గా సోలో మధ్యలో, జలుబు చేసినవాడి గొంతులా పూడుకుపోయి చివరికి ముక్కలు ముక్కలుగా పలికింది. ఇంటికి తెచ్చి 8.2 కిలో ఓముల రెసిస్టర్ తీసేసి, ఆ స్థానంలో 10 కిలో ఓముల కంట్రోల్ పెట్టి, దాని గుబ్బను డబ్బా బయటికి తెచ్చాను. రెండో ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్ అనే కాలి దగ్గర నాలుగున్నర వోల్టులు ఉండాలి. ఇప్పుడు ఎండనుబట్టి గుబ్బ తిప్పుకుంటాను. ఎనిమిదేళ్లలో ఈ బోర్డు మీద చేసిన మార్పు అదొక్కటే.

దానితో ఇంకో గొడవ కూడా ఉంది. ఏసీ128 పీఎన్‌పీ రకం కాబట్టి ఈ పెడల్లో బ్యాటరీ పాజిటివ్ డబ్బాకు అంటుకుని ఉంటుంది. మిగతా పెడళ్లలో డబ్బాకు అంటుకునేది నెగెటివ్. మూడింటినీ ఒకే అడాప్టర్‌కు కలిపితే గిటారు కేబుల్ లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జాలీ గుండానే షార్ట్ అవుతుంది. నేను ఇది చదివి తెలుసుకోలేదు. చవితి పందిట్లో మూడు పెడళ్లూ ఒక్కసారిగా చచ్చిపోయి, అడాప్టర్ చెయ్యి కాలేంత వేడెక్కాక తెలుసుకున్నాను. ఆ రాత్రే దాని అడాప్టర్ రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టాను. అప్పటి నుంచి అది 9 వోల్టుల బ్యాటరీ మీదే బతుకుతోంది. ఈ సర్క్యూట్ తినే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు. పక్కన వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ తినేదే దానికన్నా ఎక్కువ. అందుకని దీపం పీకేశాను.

రెండో పెడల్ కూడా అదే ఫజ్, సిలికాన్ బీసీ108 ట్రాన్సిస్టర్లతో. ఎండకు లొంగదు, గుబ్బలు తిప్పే పని లేదు, శబ్దం కాస్త మొరటు. దాని గురించి చెప్పాల్సింది ఒకటే. మొదటి రాత్రి ప్లగ్గు పెట్టగానే స్పీకర్లోంచి విశాఖ ఆకాశవాణి వినిపించింది. ప్లాస్టిక్ స్విచ్‌బోర్డు పెట్టెలో కట్టాను మరి, అడ్డుకోవడానికి లోహమేదీ లేదు. అల్యూమినియం డబ్బాలోకి మార్చి, ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలికీ బేస్ కాలికీ మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటర్ వేశాక వార్తలు ఆగిపోయాయి. మా అమ్మ మాత్రం "బాగానే వచ్చేదిరా, ఎందుకు తీసేశావు?" అంది.

మూడోది ఎర్రది, నిజంగా రోజూ కాలి కింద ఉండేది. ఐబనెజ్ కంపెనీ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ సర్క్యూట్ చూసి కట్టిన ఓవర్‌డ్రైవ్, అంటే ఫజ్ కన్నా మెత్తగా గరుకు చేసేది. దాని గుండెకాయ 4558 అనే ఐసీ. సన్నాయి నొక్కులు నొక్కేవాళ్లు ఏ దేశంలో తయారైన ఐసీ మంచిదని గంటలు గంటలు వాదించుకుంటారు. నేను పాడైన హోమ్ థియేటర్ టోన్ బోర్డు నుంచి పీకి వేశాను. తర్వాత కొత్తవి రెండు రకాలు కొని, సాకెట్లో మార్చి మార్చి చూశాను. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పలేకపోయాను.

తేడా తెలిసింది ఇంకో చోట. ఇందులో 4.7 కిలో ఓముల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. ఆ గీతకు కిందుండే మంద్ర స్వరం పెద్దగా గరుకెక్కదు. గదిలో ఒక్కడినే వాయిస్తుంటే మంద్ర స్వరం చాలనట్టు అనిపించి కెపాసిటర్‌ను 0.1 చేశాను. గీత సుమారు 340కి దిగింది, గదిలో శబ్దం నిండుగా వచ్చింది. మురిసిపోయాను. పందిట్లో కీబోర్డు, డోలక్, బేస్ గిటారు అన్నీ మోగేసరికి నా గిటారు ఆ గుంపులో కలిసిపోయి నాకే వినపడలేదు. నెల తిరక్కుండా పాత కెపాసిటరే మళ్లీ వేశాను. పడకగదిలో బాగున్న పెడల్‌ను పందిట్లో నమ్మకండి.

ఇక పాడయ్యేవి. పాడయ్యేవన్నీ కదిలేవే. తొమ్మిది కాళ్ల స్విచ్చు కాలితో తొక్కించుకోవడానికే పుట్టినా, చవకది రెండేళ్లకు మించి రాలేదు. ముందు ఒక తొక్కుకు పలకదు, తర్వాత రెండు తొక్కులకు పలకదు. మొదటి స్విచ్చును చంపింది నేనే. టంకం వేసే ఐరన్‌ను ఒక్కో కాలు మీద ఎక్కువసేపు ఉంచితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కేబుల్ గుచ్చే ప్లాస్టిక్ జాకులు రెండేళ్లలో లూజవుతాయి. ఒంటి పోగు తీగ టంకం పక్కనే విరుగుతుంది, బయటికి అతికినట్టే కనిపించి మోసం చేస్తుంది. ఇప్పుడు పలుపోగుల తీగే వాడుతున్నాను. బాక్సు, స్విచ్చు, జాకులకు కలిపి ఖర్చులో మూడొంతులు పోతుంది. పోనివ్వండి. పొదుపు చేయాల్సింది అక్కడ కాదు.

రిపేరుకు నా దగ్గరున్న ఆయుధం పాత గిటారు కేబుల్ ఒకటి. ఒక కొసన పిన్ను కోసేసి, లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించాను. రెండో కొస ఆంప్లిఫయర్‌లో ఉంటుంది. కేబుల్ జాలీని పెడల్ డబ్బాకు తగిలించి, గిటారు మోగిస్తూ, ఇన్‌పుట్ జాకు నుంచి ఒక్కొక్క అతుకునూ ఆ కెపాసిటర్ కాలితో తాకుతూ వెళ్లాలి. కాలువ గట్టున నడుస్తూ నీళ్లు ఏ మడి దగ్గర ఆగాయో చూసినట్టే. శబ్దం ఎక్కడ పోయిందో తప్పు అక్కడ ఉంటుంది. రేడియోల పెద్దాయన నా వెతుకులాట చూసి "ముందు జాకు చూడు, తర్వాత స్విచ్చు, ఐసీ జోలికి చివర్లో వెళ్లు" అన్నారు. చివరి దాకా వెళ్లాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

అలంకారాల సంగతి వేరు. సిలికాన్ ఫజ్‌కు నల్ల ఎనామిల్ వేశాను. గరుకు కాగితంతో రుద్దకుండా, ప్రైమర్ లేకుండా వేసినందుకు మొదటి వానాకాలానికే పొరలు పొరలుగా లేచింది. జెర్మేనియం డబ్బా మీద ఫెర్రిక్ క్లోరైడ్‌తో గంటస్తంభం బొమ్మ చెక్కాలనుకున్నాను. రాగి బోర్డు మీద నెమ్మదిగా పనిచేసే ఆ ద్రావణం అల్యూమినియం తగలగానే బుసబుస పొంగి సెగలు కక్కింది. నీళ్లు కలిపి పలచన చేయాలి, బయట గాలి తగిలేచోట చేయాలి, చేతులకు తొడుగులు ఉండాలి. మేడ మీద చేయడం ఒక్కటే నేను సరిగ్గా చేసిన పని. గంటస్తంభం కాస్త వాలినట్టు వచ్చింది. సిమెంటు మీద పడ్డ పసుప్పచ్చ మరక ఇంకా పోలేదు, ఇంటికొచ్చిన చుట్టాలకు అమ్మ చూపిస్తుంటుంది.

బాగా కుదిరింది ఎర్ర పెడలే. ఎర్రమట్టి రంగు పూత మీద సవర చిత్రాల తరహాలో తెల్లటి మనుషులు చేతులు పట్టుకుని వరసగా ఆడుతున్నట్టు మా చెల్లెలు సన్న కుంచెతో వేసింది. పైన వార్నిష్ మూడు పూతలు. మొత్తం పదకొండు మంది. స్విచ్చు పక్కన ఉన్న ఇద్దరికి నా చెప్పు తగిలి తగిలి మోకాళ్ల కింద ఏమీ మిగల్లేదు. స్విచ్చు మార్చిన ప్రతిసారీ కాళ్లు మళ్లీ వేస్తానంటుంది. వద్దంటాను. పోయిన వారం మాత్రం నేను బజారుకు వెళ్లొచ్చేలోపు ఒకడికి వేసేసింది. పాతవాళ్ల తెలుపు పసుపు తిరిగింది కాబట్టి, కొత్త కాళ్లు ఎవరివో దూరం నుంచే తెలిసిపోతోంది.