చేతి గంటల సెట్టు: ఒక్కరి కోసమైతే కొనకండి

ముందే చెప్పేస్తా, వస్తువుగా చూస్తే దీనికి ఐదుకి మూడు స్టార్లు, అవీ కొంచెం మొహమాటానికి ఇచ్చినవే. అయితే దీంతో మా గల్లీలో సాయంత్రాలు గడుస్తున్న తీరుకు మార్కులేయమంటే ఐదు చాలవు. ఈ రెండూ ఒకే రివ్యూలో రాయాలి కాబట్టి కాస్త పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్లు వచ్చే పేరా ఒక్కటి చదివేసి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

ఇది ఎనిమిది రంగుల చేతి గంటల డబ్బా. కింది స నుంచి పై స దాకా ఒక్కో గంటకు ఒక్కో స్వరం, ప్లాస్టిక్ పిడి, రంగేసిన లోహపు గంట, లోపల చివర ప్లాస్టిక్ ఉండ ఉన్న నాలుక. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే వచ్చింది. పిల్లాడు ఒక్కడే ఆడుకుంటాడని కొంటే వారం తిరిగేలోపు అటకెక్కుతుంది, ఎందుకంటే వాడికున్నవి రెండు చేతులు, రెండు స్వరాలతో ఎంతసేపని ఆడతాడు. ఆరుగురో ఎనిమిదిమందో వారానికి ఒక్కసారైనా ఒకచోట కూర్చోగలిగితే మాత్రం ఇంకేం ఆలోచించకండి, కొనేయండి.

మాది మహబూబ్‌నగర్. మా ఎదురింటి అక్క చర్చి క్వయర్‌లో పాడుతుంది, క్రిస్మస్‌కు పిల్లలతో ఏదైనా కొత్తగా చేయించాలని ఆమెకు ఆశ. నాలుగిళ్లవాళ్లం తలా కొంత వేసుకుని తెప్పించాం. పండగ అయిపోయింది, చిన్నపిల్లలు పరీక్షల్లో పడ్డారు, గంటలు మెల్లగా పెద్దవాళ్ల చేతుల్లోకి వచ్చేశాయి. ఇప్పుడు మా గుంపంటే క్వయర్ అక్క, సంగీతం నేర్చుకున్న మా వదిన, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన బాబాయ్, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు, కిరాణం షాపు మూసి వచ్చే అన్న, ఆయన భార్య, నేను. మనిషికో గంట, సరిగ్గా సరిపోయింది.

ఇందులో మజా ఏంటో చెప్పడం కొంచెం కష్టమే, ప్రయత్నిస్తా. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి పాట మొత్తం తన చేతిలోనే ఉంటుంది, ఎవరితోనూ పనిలేదు. ఇక్కడ మీ చేతిలో ఉండేది ఒకే ఒక్క స్వరం. నాది గ. పాటలో గ వచ్చినప్పుడే నాకు పని, మిగతాసేపంతా పక్కవాళ్లను వింటూ లోపల్లోపల తాళం లెక్కపెట్టుకుంటూ ఉండాలి. వినేవాళ్లకు ఇదేం ఆట, చేతికి పనే లేదు కదా అనిపిస్తుంది. కానీ ఖాళీగా ఉన్న ఆ కాస్త సేపట్లోనే ఉంది అంతా. రి పట్టుకున్న అన్న మోగించాడా, ఎంతసేపు మోగనిచ్చాడు, నేను తొందరపడితే పాట ముందుకు తూలుతుంది, వెనకబడితే కుంటుతుంది, ఈ లెక్కంతా రెప్పపాటులో తేలిపోవాలి. అట్లా ఒక లైను మొత్తం ఎనిమిది మంది మీదుగా ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయిందనుకోండి, ఎవరికి వాళ్లం ఏమీ వాయించనట్టే ఉంటుంది, పాట మాత్రం వినబడుతుంది! ఆ క్షణాన అందరి మొహాలూ వెలిగిపోతాయి.

బాబాయ్‌ది పై స. మేం మోగించే పాటల్లో అది రావడమే తక్కువ, ఒక పాటలోనైతే మొత్తానికి రెండేసార్లు. మొదట్లో ఆయనకు చాలా కోపం వచ్చేది, "నా స్టేజీ ఇంకా రాలేదారా?" అని మధ్యలో అడిగేవాడు, "వస్తది బాబాయ్, జర ఆగు" అని పిల్లలు నవ్వేవాళ్లు, ఆ నవ్వులో ఎవరి లెక్క వాళ్లకు పోయేది. ఇప్పుడాయన పద్ధతే మారిపోయింది. మొదలుపెట్టే ముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకుంటాడు, దాని చైన్ గంటకు తగిలి టిక్కుమంటోందని. గంటను ఛాతీకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, పెదాలతో మా అందరి స్వరాలూ అనుకుంటూ ఉంటాడు. ఆయన వంతు వచ్చినప్పుడు మణికట్టు ఒక్కసారే కదులుతుంది. ఆ ఒక్క స కోసమే మేమంతా అంతసేపూ మోగించినట్టు ఉంటుంది, నిజంగా. మా గుంపులో ఇప్పుడు పై స కోసమే పోటీ.

ఇంకో సంగతి, ఎవరైనా రాకపోతే ఏమవుతుందో. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పక్కకు తప్పుకున్నా చప్పట్లు ఆగవు, వలయం కాస్త దగ్గరవుతుంది అంతే. ఇక్కడ కుదరదు. అన్న షాపులో సరుకు దిగి రాలేకపోతే పాటలో రి ఉండదు, రి ఉండాల్సిన చోట బొక్క పడుతుంది, ఎంత బాగా మోగించినా ఆ బొక్క పూడదు. పక్కవాళ్లు రెండో చేత్తో ఆ గంట పట్టుకోవాలి, అది ఇంకో రకం టెన్షన్. అందుకే మా దగ్గర ఎవరూ ఊరికే ఎగ్గొట్టరు. తబలా క్లాసుకి, యోగాకి డబ్బులు కట్టి మానేసినవాళ్లు కూడా దీనికి మానకుండా వస్తున్నారు, తాము రాకపోతే పాటే లేదని తెలుసు కాబట్టి.

మోగించడం గురించి. దేవుడి దగ్గర గంట ఊపినట్టు ఊపితే ఇది పాట కాదు, గోల. గంటను నిటారుగా పట్టుకుని, ముందుకు చిన్న వృత్తం గీసినట్టు మణికట్టు తిప్పితే నాలుక ఒక్కసారి తగులుతుంది. ఆ తర్వాత దాన్ని భుజానికో ఛాతీకో ఆనిస్తే నాదం ఆగిపోతుంది. ఈ ఆపడమే సగం విద్య. మోగించడం అందరికీ వెంటనే వచ్చేసింది, ఆపడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ఆపకపోతే పాత స్వరం కొత్త స్వరం మీద పడి అంతా కలగాపులగం. ఆడవాళ్లు గాజులు మోచేతి వైపు ఎగదోసుకోవాల్సిందే. అసలైన కంచు గంటలు మోగించే గుంపులైతే చేతులకు తొడుగులు వేసుకుంటారు, చెమటకు, చర్మం మీది జిడ్డుకు లోహం మెరుపు పోతుందని. మన రంగుల గంటలకు ఆ బాధ లేదు.

ఆ అసలైన గంటల గురించి తెలిస్తే మన చేతిలో ఉన్నది ఏపాటిదో అర్థమవుతుంది. శ్రుతి చేసిన చేతి గంటలు పుట్టింది ఇంగ్లండ్‌లో, విల్ట్‌షర్‌లో ఆల్డ్‌బోర్న్ అనే ఊళ్లో కోర్ సోదరులు 1700 ప్రాంతంలో చేసిన గంటలకు పేరుంది. చర్చి గోపురంలో పెద్ద గంటల తాళ్లు లాగేవాళ్లు చలిలో, ఊరందరికీ వినబడేలా ప్రాక్టీసు చేయలేక, వెచ్చగా ఇంట్లో కూర్చుని చేతి గంటలతో సాధన చేసేవాళ్లు. వాళ్లు మోగించేవి పాటలు కాదు, వరుసలు: ఒకసారి మోగిన వరుస మళ్లీ రాకుండా మార్చుకుంటూ పోవడం. ఎనిమిది గంటలకు అలాంటి వరుసలు 40,320 వస్తాయి. 1963 జులైలో లఫ్‌బరోలో ఒక గుంపు పెద్ద గంటల మీద ఇవన్నీ మనుషులు మారకుండా మోగించింది, దాదాపు 18 గంటల సేపు పట్టింది! ఇది చెప్పగానే మా ఇంటర్ పిల్లాడు కాగితం తీసి ఎనిమిది ఫ్యాక్టోరియల్ వేసి నిజమే అన్నాడు, ఆ లెక్క క్లాసులో ఎందుకు చెప్తారో ఇప్పుడు తెలిసిందని కూడా అన్నాడు.

తర్వాత ఇది అమెరికాకు వెళ్లి చర్చి క్వయర్లలో బాగా పాకింది. అక్కడ 1954లో ఈ వాదకులకు ఒక జాతీయ సంఘం కూడా ఏర్పడింది. వాళ్ల సెట్లలో మూడు స్థాయిలకు (కింది స నుంచి పై స దాకా ఒక స్థాయి) 37 గంటలు, ఐదు స్థాయిలకు 61 ఉంటాయి, మనిషికి రెండు గంటలు మామూలు, చేయి తిరిగినవాళ్లు ఒక్కో చేత రెండేసి పడతారు. దాదాపు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం కలిపిన కంచు, లోపలి నాలుక ఒకే దిశలో కదిలేలా కీలు, దానంతట అది వాలిపోకుండా స్ప్రింగు.

మన రెండు వేల సెట్టులో లేనిది సరిగ్గా ఇదే. నాలుక వదులు. చెయ్యి వెనక్కి తెచ్చేటప్పుడు రెండోసారి తగులుతుంది, ఒక్క స్వరం అనుకుంటే రెండొస్తాయి. నాలుక వేలాడే చోట సన్నటి రబ్బరు బ్యాండు చుట్టాక కొంత నయం. శ్రుతి విషయానికొస్తే, ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే ఏడు గంటలు పర్వాలేదు, ని మాత్రం కిందికి ఉంది. గంటకు లోపల లోహం గీకి శ్రుతి కిందికి దించగలరు గానీ పైకి లేపడం కష్టం, కాబట్టి మా ని ఇక ఇంతే. పాటలో నిని పొడుగ్గా మోగనివ్వకుండా చప్పున ఆపేస్తున్నాం, అప్పుడు పెద్దగా తెలియదు. మా వదినకు తెలుస్తుంది, మొహం చిట్లిస్తుంది.

సంగీతం తెలిసినవాళ్ల కోసం ఒక మాట. సెట్టు ఒకటో శ్రుతిలో ఉంటుంది, స్వరాలు శంకరాభరణానివి. అంటే మనం చిన్నప్పుడు మాయామాళవగౌళలో నేర్చుకున్న సరళీ వరుసలు దీని మీద ఆ రాగంలో పలకవు, రి, ద రెండూ వేరే కదా. మా వదిన మొదటిరోజు దానికే డీలా పడిపోయింది. తర్వాత ఆమే దారి చూపింది: మోహన చక్కగా వస్తుంది, శుద్ధ సావేరి వస్తుంది. స పట్టుకునే చోటు మారిస్తే రి నుంచి ఖరహరప్రియ, మ నుంచి కల్యాణి, ద నుంచి నటభైరవి మెట్లు కూడా ఇవే గంటల్లో ఉన్నాయి, కాకపోతే ఉన్నది ఒక్క స్థాయే కాబట్టి పాట పైకి పోతే మెట్లు అయిపోతాయి. మోహనలో ఇంకో చిక్కు: మ, ని పట్టుకున్నవాళ్లకు పాట మొత్తం పని ఉండదు. ఒకసారి కిరాణం అన్న భార్య, ఆమెది మ, "నన్ను చాయ్ పెట్టనీకె పిలిచిన్రా?" అని గంట బల్ల మీద పెట్టేసి లోపలికి పోయింది. అప్పటి నుంచి మోహన మోగించే రోజు ఆ ఇద్దరికీ పక్కవాళ్ల గంటలు ఇస్తున్నాం, ఇచ్చినవాళ్లు తాళం వేస్తారు.

మాకు అన్నిటికన్నా బాగా కుదిరింది మాత్రం బతుకమ్మ బాణీలు. మేం పట్టుకున్నవాటికి ఐదారు స్వరాలు సరిపోయాయి, నడక నిదానం, మోగించి ఆపడానికి టైం దొరుకుతుంది, పైగా అందరికీ నోటికొచ్చినవే. ఉయ్యాలో అన్నచోట స, గ, ప మూడూ కలిపి మోగిస్తాం. క్వయర్ అక్క చెప్పిన ఉపాయం అది, చర్చి పాటల్లో అట్లా చేస్తారట. మొదటిసారి అది కుదిరినప్పుడు గేటు దగ్గర పాలబ్బాయి బండి ఆపి నిలబడిపోయాడు.

రంగుల మీద ఒక ఫిర్యాదు ఉంది. మ ఆకుపచ్చ, ప నీలం కలిసిన పచ్చ. పగలు తేడా తెలుస్తుంది, ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే. పాటను క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్నులతో రంగు చుక్కలుగా రాసి గోడకు అతికిస్తాం, పొడుగు స్వరానికి చుక్క పక్కన కామా, మరీ పొడుగైతే సెమికోలన్, సంగీతం పుస్తకాల్లో ఉన్నట్టే. ఆ రెండు పచ్చల వల్ల పిల్లలిద్దరూ రోజూ కొట్లాడుకునేవాళ్లు, చివరికి ప చుక్కల చుట్టూ నల్లగీత గీశాం. గంటల మీద ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉంటాయి, స రి గ అని చీటీలు మనమే అంటించుకోవాలి. డబ్బాలో ఇచ్చిన పాటల పుస్తకంలో అన్నీ ఇంగ్లీషు పిల్లల పాటలు, రెండు మోగించి పక్కన పెట్టేశాం. పిడి స్క్రూలు వదులవుతుంటాయి, చిన్న స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోండి. రంగు అంచుల దగ్గర అప్పుడే లేస్తోంది.

కొత్తగా కొనేవాళ్లు ఎనిమిదికి బదులు కోమల స్వరాలు కూడా ఉన్న పదమూడు గంటల సెట్టు దొరికితే అదే తీసుకోండి, డబ్బులు ఎక్కువైనా మాయామాళవగౌళ దక్కుతుంది. డబ్బా రాగానే ఒక్కో గంటనూ ట్యూనర్ ముందు మోగించి చూసుకోండి, వాపసు గడువు దాటాక చూస్తే లాభం లేదు. మా ని సంగతి గడువులోపే చెప్పినా, అమ్మినవాళ్లు ఒక్క గంట మార్చడం కుదరదు, మొత్తం సెట్టు వెనక్కి పంపండి అన్నారు. అప్పటికి క్రిస్మస్‌కు వారమే ఉంది, పిల్లలు పాట నేర్చుకునేశారు, ఎవరికీ పంపబుద్ధి కాలేదు. విడి గంటలు అమ్మే షాపు ఎక్కడైనా ఉంటే కింద రాయండి, మాకు ఒక్క ని చాలు.