ఒక్కడే దుర్యోధనుడు: రెండో వరుస దాటితే కనపడడు

తొడలు విరిగి మడుగు ఒడ్డున పడి ఉన్న దుర్యోధనుడి ఆఖరి రాత్రి. నటుడు ఒక్కడే, 75 నిమిషాలు, ఇంటర్వెల్ లేదు, టికెట్టు 300 రూపాయలు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు, ఓ వంద మంది పట్టే హాల్లో వేస్తున్నారు. తప్పకుండా చూడొచ్చు, కాకపోతే మొదటి రెండు వరుసల్లో కుర్చీ దొరికితేనే.

ఇబ్బంది నటనతో కాదు, నేలతో. హాలంతా ఒకే మట్టం, స్టేజీ ఎత్తు అడుగే. గదాయుద్ధం అయ్యేదాకా నటుడు నిలబడే ఉంటాడు కాబట్టి ఫరవాలేదు. ఆ తర్వాత 25 నిమిషాలు నేల మీదే. మూడో వరుస నుంచి చూస్తే ముందువాళ్ల తలకాయలు తప్ప ఏమీ కనిపించదు. అసలు నాటకం ఉన్నదే అక్కడ. జేపీ నగర్ రంగశంకరలో లాగా వరుసలు మెట్లుగా లేచే హాలైతే ఈ గొడవే ఉండదు. ఇదే హాల్లో వెయ్యాలంటే అడుగున్నర ఎత్తు చెక్కబల్ల ఒకటి, ప్రేక్షకుల వైపు కాస్త వాలుగా వేసుకుంటే సగం సమస్య తీరిపోతుంది.

నాకు బాగా నచ్చింది గొంతులు మార్చకపోవడం. ఏకపాత్రాభినయం అనగానే భీముడికో బొంగురు గొంతు, కృష్ణుడికో తీపి గొంతు పెట్టడం కాలేజీ పోటీల నుంచి మనకు అంటుకున్న జబ్బు. ఇక్కడ పని అంతా చూపుదే. భీముడికి ఎడమ పక్క, తన తలకన్నా జానెడు పైన. బలరాముడికి కుడి పక్క, సూటిగా. ఆ ఎత్తు, ఆ దిక్కు తప్పనంతసేపూ భీముడు అక్కడ ఉన్నాడు. యుద్ధం జోరులో రెండు సార్లు భీముడు కుడివైపుకి వచ్చేశాడు, అప్పుడు బలరాముడు ఎటు పోయాడో తెలియలేదు. కథ నడపడానికి సంజయుణ్ణి తెచ్చుకున్నారు, అది తెలివైన పని. ఉత్తరీయం నడుముకు బిగిస్తే సంజయుడు, భుజాన వేస్తే రారాజు. హరికథ చెప్పే హరిదాసులు ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది, అడుగు మార్చి పాత్ర మార్చడం. అదే గుడ్డ కళ్లకు కట్టుకుంటే గాంధారి. ఆవిడ కట్టు విప్పి కొడుకుని చూసే ఘట్టం వ్యాసభారతంలో లేదు, జనం చెప్పుకునే కథ. అయినా తొడలే ఎందుకు మిగిలాయో చెప్పడానికి అంతకంటే దగ్గరి దారి లేదు కనక తప్పు పట్టను. చివర్లో ఆ గుడ్డనే తొడకు చుట్టుకుంటుంటే ఎవరూ ఏమీ వివరించకపోవడం ఇంకా బాగుంది.

గద సంగతి. లోపల బోలు, పైన బంగారు రంగు, మహా అయితే కిలో ఉంటుంది. బరువు గదలో ఉండక్కర్లేదు, ఎత్తేవాడి ఒంట్లో ఉండాలి. ముందు మోకాలు వంగాలి, ఊపిరి వదులుతూ లేపాలి, ఎత్తిన పక్క భుజం కిందికి దిగాలి. మొదటి అరగంట ఇవన్నీ ఉన్నాయి. గద నేలకు ఆనించిన ప్రతిసారీ మడమతో చిన్న చప్పుడు చేస్తాడు, గమనించండి, ఆ చప్పుడే బరువు. నలభయ్యో నిమిషం దాటాక మరిచిపోయాడు. డైలాగు మధ్యలో గదని గొడుగులా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు, అంతే, రారాజు కాస్తా రిహార్సల్ గదిలోకి వెళ్లిపోయాడు.

పద్యాలు నాలుగే. రాగాలు సాగదియ్యలేదు, పదం విరుపు శుభ్రంగా ఉంది, పద్యనాటకం వినే చెవులకు ఇది పెద్ద ఊరట. నాలుగోదే దెబ్బతింది. నిలబడి పాడిన శ్రుతిలోనే వెల్లకిలా పడుకుని అందుకున్నాడు. పడుకుంటే పొట్ట దగ్గర పట్టు దొరకదు, ఊపిరి పద్యపాదం చివరిదాకా రాదు. ప్రతి పాదం ఆఖరి అక్షరాలు మింగేశాడు. శ్రుతి ఒక మెట్టు దించాలి, లేదా ఒక మోచేతి మీద లేచి పాడాలి. అదీ కుదరకపోతే వచనంలా చెప్పేసినా నష్టం లేదు, చావుబతుకుల్లో ఉన్నవాడు రాగంలో సంగతులు వెయ్యనక్కర్లేదు.

కాలర్ మైకు మాత్రం తీసేయాలి. ఛాతీ మీద హారం, దాని పక్కనే మైకు. వంగిన ప్రతిసారీ గరగర. బోర్లా తిరిగితే గొంతు బావిలోంచి వస్తుంది. వంద మంది హాలుకు, ఈ గొంతుకు మైకే అక్కర్లేదు, ఏసీ ఒక అరగంట ముందు వేసి ఆట మొదలవగానే తగ్గిస్తే సరిపోతుంది. దీనికన్నా పెద్ద తప్పు కృష్ణుడి మాటలు రికార్డు చేసి స్పీకర్లో వినిపించడం. అప్పటిదాకా చూపుతోనే నలుగుర్ని నిలబెట్టిన మనిషి, స్పీకరు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తూ నిలబడతాడు. టేపుకి తొందరా ఉండదు, నెమ్మదీ ఉండదు. రాత్రికో రకంగా సాగాల్సిన సీను దాంతో బిగుసుకుపోయింది. కృష్ణుడు మాట్లాడకుండా నవ్వుతున్నాడని చూపుతోనే చెప్పగలిగిన నటుడికి ఈ ఊతకర్ర దేనికి?

గోడ మీద ఇంగ్లీషు అనువాదం వేస్తున్నారు. నటుడు రెండు వాక్యాలు దాటేస్తే స్లైడ్లు నడిపేవాళ్లు వెనకబడి, నవ్వులు ఆలస్యంగా వస్తున్నాయి. ఎలాగూ వేస్తున్నారు కాబట్టి కన్నడంలోనూ వెయ్యండి. పదో శతాబ్దపు కన్నడ కవి రన్నడి గదాయుద్ధం కావ్యంలో భీముడి కేక విని నీళ్లలో ఉండి కూడా చెమటలు పట్టే దుర్యోధనుడు ఇక్కడివాళ్లకు బాగా తెలిసినవాడే. మన దుర్యోధనుడికి ఇంతకంటే మంచి ప్రేక్షకులు ఈ ఊళ్లో దొరకరు.

సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లదే ముందు వరుస. ఏడున్నర ఆటకి ఏడింటికల్లా లోపల ఉండండి.