పాలమూరు నుంచి దుబాయ్: విమానం బాగుంది, లాడ్జి ముంచింది

మహబూబ్‌నగర్ నుంచి దుబాయ్ వెళ్లే వాళ్లు ఒక్క మాట వినండి. ఎయిర్‌పోర్ట్ దగ్గర లాడ్జిలో దిగొద్దు. ఇంటి నుంచే కారు మాట్లాడుకుని నేరుగా వెళ్లిపోండి.

తమ్ముడు అక్కడ పని చేస్తున్నాడు, వాణ్ని చూడటానికి అమ్మను తీసుకెళ్లాను. విమానం తెల్లవారుజామున 4:20కి. మూడు గంటల ముందే చేరాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కాసేపు నడుం వాలుస్తుందని శంషాబాద్‌లో ఒక లాడ్జికి ఫోన్ చేశాను. ఏసీ రూమ్ 1,800, ఎయిర్‌పోర్ట్‌కు డ్రాప్ ఉచితం అని మెసేజ్ కూడా పెట్టారు.

రాత్రి తొమ్మిదికి బస్సు దిగి వెళ్తే, గదిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. కిందికి వెళ్లి అడిగితే కౌంటర్‌లో అబ్బాయి సొరుగు తాళం మీద చెయ్యి పెట్టి, "ఏసీకి 600 వేరే అన్నా" అన్నాడు. మెసేజ్ చూపించాను. అది పాత రేటట. గదిలో అమ్మ పెట్టె మీదే కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. "గింత రూముకు గన్ని పైసలా, వద్దు బిడ్డా" అంది. కానీ ఆ ఉక్కలో ఆమెను ఎలా ఉంచను? కట్టాను. ఒంటి గంటకు బయల్దేరుతుంటే డ్రాప్‌కు ఇంకో 400. డ్రైవర్ రాత్రిపూట రాడట, వస్తే ఇవ్వాల్సిందేనట. మొత్తం 2,800. నాలుగు గంటలు కూడా లేము. బిల్లు అడిగితే చిత్తు కాగితం మీద 1,800 అని మాత్రమే రాసిచ్చాడు. ఆ వేళప్పుడు అమ్మను పక్కన పెట్టుకుని ఎవరితో కొట్లాడతాం? వాళ్ల ధైర్యం అదే. అమ్మ విమానం ఎక్కేదాకా మాట్లాడలేదు.

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఎయిర్‌పోర్ట్ 85 కిలోమీటర్ల లోపే. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది, గంటన్నర చాలు. మా వీధిలో కారు 2,500కు వస్తుంది.

విమానంలో ఏ ఇబ్బందీ లేదు. టికెట్ మీద దిగే టైం 6:50 అని చూసి "రెండున్నర గంటలేనా?" అంది అమ్మ. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, అసలు ప్రయాణం నాలుగు గంటలు. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు మూడున్నర గంటలే పట్టింది. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. మందులు వేసుకునే పెద్దవాళ్లు టికెట్ మీది టైం కాకుండా ఈ గంటలే లెక్కపెట్టుకోవాలి.

గద్వాల వైపు వాళ్లకు దూరం ఎక్కువ, మధ్యలో ఆగక తప్పదు. మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో చుట్టాలుంటే అక్కడే పడుకోండి. లాడ్జే గతి అయితే ఏసీ రిమోట్ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.