ప్రాబ్లమ్ డీటెయిల్స్‌తో రెండేళ్లు: ‘టైప్’ కట్టిపడేసింది, ‘ప్రాపర్టీస్’ ముంచింది

ఏపీఐ ఎర్రర్లను ఒకే జేసన్ రూపంలో పంపడానికి ఉన్న ప్రమాణం పేరు ప్రాబ్లమ్ డీటెయిల్స్. అందులోని ‘టైప్’ అనే ఒక్క ఫీల్డు కోసమే దాన్ని వదలబుద్ధి కావడం లేదు. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ 3 మీద నడిచే రెస్ట్ సర్వీసుల్లో, బ్రౌజర్ క్లయింటూ మొబైల్ క్లయింటూ రెండూ ఉన్నచోట వాడిన అనుభవం ఇది. దీన్ని నిర్వచించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7807 స్థానంలో 2023లో 9457 వచ్చిన సంగతి, ఐదు ఫీల్డుల జాబితా అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ఒకే 409 (‘కాన్‌ఫ్లిక్ట్’ అనే హెచ్‌టీటీపీ స్టేటస్ కోడ్) రెండు కారణాలకు రావచ్చు. ఆర్డర్ ఇప్పటికే రద్దయిపోయి ఉండొచ్చు. లేదా ఈలోగా ఇంకెవరో మార్చేయడంతో క్లయింటు చేతిలోని వెర్షన్ పాతబడి ఉండొచ్చు. మొదటిదానికి చేయగలిగిందేమీ లేదు, బటన్ తీసేయాలి. రెండోదానికైతే తాజా కాపీ తెచ్చుకుని మళ్లీ పంపితే చాలు. స్టేటస్ కోడ్‌లో ఈ తేడా కనబడదు. అందుకే చాలా క్లయింట్లు మెసేజీలో ఫలానా మాట ఉందా లేదా అని వెతుకుతుంటాయి. సర్వర్ వైపు ఎవరో అక్షరదోషం దిద్దగానే ఇటు పని ఆగిపోతుంది. ఒక్కో సమస్యకు ఒక్కో యూఆర్‌ఐ (వెబ్ చిరునామా రూపంలోని గుర్తు) పెట్టి ‘టైప్’లో పంపితే ఆ గొడవ ఉండదు. క్లయింటు దాన్ని మాత్రమే పోల్చి చూసుకుంటుంది. మనుషులు చదివే వివరణ ఉండే ‘డీటెయిల్’ ఫీల్డులోని వాక్యాన్ని ఎన్నిసార్లు తిరగరాసినా, ఏ భాషలోకి మార్చినా పర్వాలేదు.

కాకపోతే ఈ సుఖం ఒక్క సెట్టింగుతో వచ్చేది కాదు. ‘స్ప్రింగ్.ఎంవీసీ.ప్రాబ్లమ్‌డీటెయిల్స్.ఎనేబుల్డ్’ను ట్రూ చేస్తే ఫ్రేమ్‌వర్క్ సొంత ఎర్రర్లన్నీ కొత్త రూపంలోకి వస్తాయి కానీ, వాటి ‘టైప్’ మాత్రం ‘అబౌట్:బ్లాంక్’ దగ్గరే ఉండిపోతుంది. అంటే ‘స్టేటస్ కోడ్ చెప్పిందే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు’ అని. వ్యాలిడేషన్ తప్పితే వచ్చే 400లో ‘ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్ కంటెంట్’ అన్న ముక్క తప్ప ఏ ఫీల్డు తప్పో ఉండదు. రెస్పాన్స్‌ఎంటిటీఎక్సెప్షన్‌హ్యాండ్లర్‌ను ఎక్స్‌టెండ్ చేసి, హ్యాండిల్‌మెథడ్‌ఆర్గ్యుమెంట్‌నాట్‌వ్యాలిడ్‌ను మనమే రాసుకోవాలి. అందులో ‘ఎర్రర్స్’ అనే లిస్టు చేర్చి, ఒక్కోదానిలో ‘డీటెయిల్’, దానితోపాటు తప్పు ఏ ఫీల్డులో ఉందో చూపే ‘#/అడ్రస్/సిటీ’ లాంటి జేసన్ పాయింటర్ పెడితే 9457లోని ఉదాహరణకు సరిపోయే రూపం వస్తుంది. ఇంకో మాట: యూఆర్‌ఐలో టెస్ట్ సర్వర్ హోస్ట్ పేరు, ప్రొడక్షన్ హోస్ట్ పేరు అంటూ మార్చకండి. పోలిక తప్పేది అక్కడే. దాన్ని కోడ్‌లో ఒక స్థిరాంకంగా ఉంచండి, ఆ చిరునామాలో పేజీ తెరుచుకోకపోయినా ఫర్వాలేదు.

ఇక ముంచిన సంగతి. పైన చెప్పిన ‘ఎర్రర్స్’ లాంటి అదనపు ఫీల్డులు ప్రాబ్లమ్‌డీటెయిల్ క్లాసులో ‘ప్రాపర్టీస్’ అనే మ్యాప్‌లో ఉంటాయి. జేసన్‌గా మారేటప్పుడు వాటిని పైవరుసలోకి తెచ్చేది ప్రాబ్లమ్‌డీటెయిల్‌జాక్సన్‌మిక్సిన్, అంటే జేసన్ లైబ్రరీ జాక్సన్‌కు ఆ క్లాసును ఎలా రాయాలో చెప్పే అదనపు సూచన. ఆ మిక్సిన్ తనంతట తాను రాదు. జేసన్‌గా మార్చే పని చేసేది ఆబ్జెక్ట్‌మ్యాపర్; దాన్ని తయారుచేసే స్ప్రింగ్ బిల్డర్ ఈ మిక్సిన్‌ను రిజిస్టర్ చేస్తుంది. తేదీల ఫార్మాట్ కోసమో మరో చిన్న పనికోసమో ఒక కాన్ఫిగరేషన్ క్లాసులో ‘న్యూ ఆబ్జెక్ట్‌మ్యాపర్’ అంటూ సొంత బీన్ (స్ప్రింగ్ చేతికి అప్పగించే ఆబ్జెక్ట్) పెట్టారంటే బూట్ తనది పక్కన పెట్టేస్తుంది. మిక్సిన్ కూడా దానితోపాటే పోతుంది. అప్పటినుంచి ‘ఎర్రర్స్’ పైవరుసలో కాకుండా ‘ప్రాపర్టీస్’ లోపల కూర్చుని వెళ్తుంది.

చిత్రమేమిటంటే ఎక్కడా ఏదీ పగలదు. 500 రాదు, లాగ్‌లో ఒక్క లైను పడదు. తెలియని ఫీల్డులు వస్తే పట్టించుకోకూడదన్నది స్పెసిఫికేషన్ నియమం. దాన్ని చక్కగా పాటించే క్లయింటు ‘ప్రాపర్టీస్’ను చూసీ చూడనట్టు వదిలేసి, ఫారంలో ఏ గడికీ ఎర్రగీత గీయకుండా ‘బ్యాడ్ రిక్వెస్ట్’ అని మాత్రం చూపిస్తుంది. ఎంతో మంచిదనుకున్న నియమమే తప్పును దాచిపెట్టింది!

టెస్టులూ కాపాడవు. వెబ్‌ఎంవీసీటెస్ట్ లాంటి, అప్లికేషన్‌లో ఒక భాగాన్నే లేపే ముక్క టెస్టులు కాన్ఫిగరేషన్ క్లాసులను స్కాన్ చేయవు. అక్కడ బూట్ సొంత మ్యాపరే నడుస్తుంది, ‘ఎర్రర్స్’ పైవరుసలోనే కనిపిస్తుంది, అన్నీ పచ్చగా పాసవుతాయి. మొత్తం అప్లికేషన్‌ను లేపే స్ప్రింగ్‌బూట్‌టెస్ట్‌తో ఒక్కటైనా వ్యాలిడేషన్ కేసు రాసి, ‘ఎర్రర్స్’ ఏ స్థాయిలో ఉందో చూడాలి. గుర్తుపట్టే తేలిక దారి ఒకటుంది: అదనపు ఫీల్డులేమీ లేని 404 రెస్పాన్స్‌లో ‘ప్రాపర్టీస్’ ఎదురుగా నల్ కనిపిస్తే మిక్సిన్ లేనట్టే. మందు కూడా చిన్నదే. ఆ బీన్ తీసేసి, అదే మార్పును బిల్డర్ కస్టమైజర్ బీన్‌గా రాయాలి. తీసే వీలు లేకపోతే యాడ్‌మిక్స్‌ఇన్‌తో మిక్సిన్‌ను చేత్తో తగిలించాలి.

‘అన్ని ఎర్రర్లూ ఒకే రూపంలో’ అన్న గొప్ప కూడా కొంచెం తగ్గించుకోవాలి. రిక్వెస్టులను కంట్రోలర్లకు పంచే డిస్పాచర్ సర్వ్‌లెట్‌కు ముందే సెక్యూరిటీ ఫిల్టర్లు నడుస్తాయి కనుక అక్కడ పుట్టిన 401 (లాగిన్ లేదు), 403 (అనుమతి లేదు) కంట్రోలర్ అడ్వైస్ (ఎర్రర్లను ఒకచోట పట్టే క్లాసు) దాకా రానే రావు. అథెంటికేషన్‌ఎంట్రీపాయింట్, యాక్సెస్‌డినైడ్‌హ్యాండ్లర్ రెండింటినీ రాసి, హ్యాండ్లర్‌ఎక్సెప్షన్‌రిజాల్వర్‌కు అప్పగించాలి. దీనికి తిరగబడ్డ తప్పు మరొకటి: అడ్వైస్‌లో అన్నిటికీ కలిపి ఎక్సెప్షన్ క్లాసునే పట్టేస్తే, మెథడ్ మీద అనుమతి చూసే ప్రీఆథరైజ్ విసిరిన యాక్సెస్‌డినైడ్‌ఎక్సెప్షన్ కూడా అందులో పడి 403 కావాల్సింది 500 అవుతుంది. దాన్ని విడిగా పట్టి మళ్లీ విసరాలి. ముందున్న ప్రాక్సీ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ ఇచ్చే 502, 504లు ఎలాగూ హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలే; క్లయింటు కంటెంట్ టైప్ చూడకుండా జేసన్ అనుకుని చదివితే అక్కడే బోల్తా.

ఎర్రర్లను డిక్లేర్ చేయడం దగ్గర, కోడ్ నుంచి ఓపెన్‌ఏపీఐ రూపంలో ఏపీఐ వివరణ తయారుచేసే స్ప్రింగ్‌డాక్ అత్యుత్సాహం చూపిస్తుంది. అడ్వైస్‌లో ఉన్న స్టేటస్‌లన్నిటినీ ప్రతి ఆపరేషన్‌కూ అంటగడుతుంది; 409 వచ్చే అవకాశమే లేని గెట్‌కూ 409 రాసి ఉంటుంది. ‘ఓవర్‌రైడ్-విత్-జెనరిక్-రెస్పాన్స్’ను ఫాల్స్ చేసి, నిజంగా వచ్చేవాటిని ఆయా మెథడ్ దగ్గరే రాసుకుని, మిగతాదానికి ఓపెన్‌ఏపీఐలోని ‘డిఫాల్ట్’ ఒక్కటి పెట్టడం మేలు. పని ఎక్కువే, కానీ క్లయింటు కోడ్ జనరేట్ చేసుకునేవాళ్లు చదివేది దాన్నే.

కొత్తగా మొదలుపెట్టే సర్వీసుకు, క్లయింటూ సర్వరూ ఒకే బృందం చేతిలో ఉంటే నా ఓటు ప్రాబ్లమ్ డీటెయిల్స్‌కే. ఇక్కడ వాడినచోట పరిస్థితి అదే కాబట్టి ఈ మాట అంత ధైర్యంగా అనగలుగుతున్నాను. బూట్ పాత రూపంలోని ‘టైమ్‌స్టాంప్’, ‘ఎర్రర్’, ‘పాత్’లను చదివే బయటి క్లయింట్లు ఇప్పటికే ఉంటే మాత్రం ‘ప్రాబ్లమ్‌డీటెయిల్స్.ఎనేబుల్డ్’ సెట్టింగును ఏపీఐ కొత్త వెర్షన్‌తోపాటు తప్ప విడిగా తాకను.