జూడీ డెంచ్ పాత టీవీ నాటకాల డీవీడీ సెట్: చాలాకాలం చూశాక నా అభిప్రాయం

బ్రిటిష్ నటి జూడీ డెంచ్ అనగానే మనలో చాలామందికి జేమ్స్ బాండ్‌నే మందలించే పై అధికారి ‘ఎం’ గుర్తొస్తుంది. ఆ పాత్రలో మొదటి సినిమా ‘గోల్డెన్ ఐ’ 1995లో వచ్చేసరికి ఆవిడకి అరవై ఏళ్ళు. అంతకుముందు ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనిలో ఎక్కువ భాగం ఇంగ్లండ్ రంగస్థలం మీద, అక్కడి టీవీలో ఉండిపోయింది. స్టేజీ మీద చేసినవి మనకి ఎలాగూ దొరకవు. టీవీ నాటకాలైనా చూడాలనుకునే నాలాంటి అభిమానులకి ‘ది జూడీ డెంచ్ కలెక్షన్’ అనే ఈ బీబీసీ సెట్టే పెద్ద దిక్కు.

అసలు ఇవి మిగలడమే అదృష్టం. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదెక్కువ. ఒకటి రెండుసార్లు ప్రసారం చేశాక దాన్ని చెరిపేసి, దాని మీదే ఇంకో కార్యక్రమం రికార్డు చేసేవాళ్ళు. 1970ల చివరిదాకా ఇదే వరస. అలా పోయినవాటిలో దొరికినవాటిని చూపించడానికి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1993 నుంచి ‘మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్’ పేరుతో కార్యక్రమాలు పెడుతోంది.

ఈ సెట్ కొనడానికి ఒక్క కారణం చెప్పమంటే రష్యన్ రచయిత చెహోవ్ నాటకం ‘చెర్రీ ఆర్చర్డ్’ అంటాను. అది ఇందులో రెండుసార్లు ఉంది. 1962 నాటి దాంట్లో పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ తల్లి రానెవ్‌స్కయా, జాన్ గీల్‌గుడ్ మేనమామ, డెంచ్ పదిహేడేళ్ళ కూతురు ఆన్యా. 1981 దాంట్లో డెంచే తల్లి. మూడో అంకం చివర్లో, తోట వేలంలో పోయిందని తెలిసి తల్లి కుమిలిపోతుంటే ఆన్యా దగ్గరికొచ్చి, దీనికంటే మంచి తోట వేసుకుందాం అమ్మా అని ఓదారుస్తుంది. మొదటి దాంట్లో ఆ ఓదార్పు డెంచ్ నోట వింటాం. పందొమ్మిదేళ్ళ తర్వాత అదే ఓదార్పు వింటూ కూర్చున్నది ఆవిడే. ఈ రెండు సీన్లూ వెంట వెంట పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో! ఆన్యాగా ఉన్నప్పుడు ఆ గొంతులో తొందర, నమ్మకం. తల్లిగా వచ్చేసరికి మనందరికీ తెలిసిన ఆ జీర. ఒక నటి ఎదుగుదలని ఇంత దగ్గరగా చూపించేది నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తర్వాత చెప్పాల్సింది 1966 నాటి ‘టాకింగ్ టు ఎ స్ట్రేంజర్’. జాన్ హాప్కిన్స్ రాసిన నాలుగు నాటకాల వరస ఇది. ఒకే కుటుంబం, ఒకే వారాంతం, ఒక్కో నాటకం ఒక్కొక్కరి వైపు నుంచి. కూతురు టెర్రీగా డెంచ్ నవ్వుతూ, ఎగతాళి చేస్తూ, లోపల విరిగిపోతూ ఉంటుంది. మొదటిసారి నాలుగూ వరసగా చూడొద్దు, గుండె బరువెక్కిపోతుంది. రోజుకొకటి చాలు.

ఇబ్సెన్ నాటకం ‘ఘోస్ట్స్’ (1987)లో డెంచ్‌ది తల్లి పాత్ర, కొడుకు కెన్నెత్ బ్రానా, పాస్టర్ మైకేల్ గాంబన్. ‘గోయింగ్ జెంట్లీ’ (1981) క్యాన్సర్ వార్డు కథ. కమెడియన్ నార్మన్ విజ్డమ్‌ని చావుకి దగ్గరైన రోగి పాత్రలో చూడటం ఒక అనుభవం. ‘అబ్సల్యూట్ హెల్’ (1991)లో డెంచ్ సోహోలో తాగుడు క్లబ్బు నడిపే క్రిస్టీన్. ఒంటరిగా మిగిలిపోతానేమోనన్న భయాన్ని ఆ హడావిడి వెనకాల ఎంత బాగా దాచిందో! ‘కీప్ ఎన్ ఐ ఆన్ అమేలీ’ మాత్రం నాకు ఎక్కలేదు.

ఇక బొమ్మ సంగతి. 1962 నాటి బీబీసీ ప్రసారంలో బొమ్మని 405 అడ్డగీతలతోనే చూపించేవాళ్ళు, కాబట్టి ఆ నాటకం మసకగానే ఉంటుంది. పెద్ద టీవీలో ఇంకా పలచబడుతుంది, చిన్న తెర మీద చూస్తే మేలు. 1980ల నాటివి కూడా సినిమాలా నిగనిగలాడవు. కెమెరా ఎక్కువగా కదలదు. నాకైతే అదే ఇష్టం, ముఖాన్ని తీరిగ్గా చూడనిస్తుంది.

కొనేముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి ‘రీజియన్’ అనే తాళం ఉంటుంది, ఇది అమెరికా కోసం వేసిన రీజియన్ 1 సెట్. మన దేశంలో అమ్మే ప్లేయర్లు రీజియన్ 5వి, కాబట్టి రీజియన్ ఫ్రీ ప్లేయర్ ఉండాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో చూద్దామంటే రీజియన్ ఐదుసార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత అక్కడే లాక్ అయిపోతుంది. నేను సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్నాను. ‘ఘోస్ట్స్’ సరిగ్గా చివరి అంకంలో ఆగిపోయింది. అమ్మినవాళ్ళకి రాస్తే జవాబే లేదు. ఆ అంకం చూడటానికి ఇంకో సెట్ కొన్నాను. డిస్కుల అడుగువైపు ఫొటోలు పంపమని అడిగాకే డబ్బు కట్టండి.

ఇందులో లేనివీ చాలా ఉన్నాయి. ఇయన్ మెకెలన్‌తో చేసిన ‘మేక్‌బెత్’ (1979) బీబీసీది కాదు, థేమ్స్ టెలివిజన్ అనే వేరే సంస్థది, విడిగా కొనుక్కోవాలి. జెరెమీ ఐరన్స్‌తో చేసిన ‘లాంగ్రిష్, గో డౌన్’ (1978) కోసం కూడా వేరే వెతుక్కోవాల్సిందే. ఇలాంటి వేటకి బీబీసీ జీనోమ్ అనే వెబ్‌సైట్ చాలా ఉపయోగం. 1923 నుంచి 2009 దాకా రేడియో టైమ్స్ అనే కార్యక్రమాల పత్రికలో వచ్చిన కార్యక్రమాల వివరాలు అందులో ఉన్నాయి. పేరు కొడితే ఏ రోజు ఏ నాటకం వేశారో, తోడు ఎవరు నటించారో వస్తుంది. ముందు అక్కడ జాబితా రాసుకుని, ఆ తర్వాత డిస్కుల కోసం వెతకండి.